సంతకం ఎవరిది? – మనోవ్యాధి, చట్టం, సమాజధర్మం

ఖరగ్‌పూర్ రైలుదారులు కలిసే ఊరు. 19వ శతాబ్దం ముగిసే వేళ బెంగాల్–నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ నాటినుంచి ఉత్తరాంధ్ర పల్లెలకూ ఈ ఊరికీ మధ్య రాకపోకలు తెగలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఉపాధికై వచ్చిన కుటుంబాలు నింపురా, మథురాకాఠీ వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. వీధిలో బంగ్లా, హిందీ వినిపించినా, గడప దాటి లోపలికి వెళితే తెలుగే వినిపిస్తుంది.

రైల్వే ఊరి జీవితానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ మనిషి బతుకంతా సంతకాలమీద నడుస్తుంది. హాజరు పట్టీ, జీతం, క్వార్టరు, ప్రయాణపు పాసు, భవిష్యనిధి, పింఛను అన్నిటికీ సంతకమే ఆధారం. సంతకం చెల్లినంతకాలం మనిషి తన బతుకుకు తానే యజమాని. అది చెల్లదన్న రోజున అతడు ఇంకొకరి సంరక్షణలోని వస్తువు.

అటువంటి ఊళ్లో ఒక ఫిట్టరును ఊహించుకుందాం. నలభై ఏళ్ల వయసులో అతని మనసు చెదిరింది. ఎవరో తనను వెంటాడుతున్నారన్న భయంతో రాత్రులు నిద్ర మానేశాడు, పనికి పోవడం మానేశాడు. వైద్యం జరిగింది. రెండేళ్లకు కుదుటపడ్డాడు. ఇప్పుడు క్రమం తప్పక మందులు వేసుకుంటున్నాడు, బజారుకు వెళ్లి బేరమాడి కూరలు తెస్తున్నాడు, మేనకోడలికి ఎక్కాలు చెబుతున్నాడు. కాని బ్యాంకుకు వెళితే గుమాస్తా అతణ్ణి కాక పక్కనున్న తమ్ముణ్ణి అడుగుతాడు, "ఈయన సంతకం చెల్లుతుందా?" అని. సొంత ఊళ్లో భూమి పంపకాల కాగితం వచ్చినప్పుడు, చదివి వినిపించకుండానే, "అన్నయ్యచేత ఇక్కడ వేలిముద్ర వేయించు" అంటారు పెద్దలు. సంతకం చేయగలిగిన చేతికి సిరా పూస్తారు.

ఏ న్యాయస్థానమూ ఈ మనిషిని అసమర్థుడని ప్రకటించలేదు. ఎవరూ విచారణ జరపలేదు, తీర్పు చెప్పలేదు. అయినా అతని సంతకం పోయింది. ఎవరు తీసుకున్నారో తెలియనప్పుడు, తిరిగి ఇవ్వవలసినవారు ఎవరు? ఈ వ్యాసంలో ఆలోచింపదలచిన ప్రశ్న ఇదే.

ముందుగా రెండు విషయాలను వేరుచేసి చూడాలి. వ్యాధి ఉండడం ఒకటి. నిర్ణయం చేసే శక్తి లేకపోవడం మరొకటి. మొదటిది వైద్యుడు చెప్పవలసిన మాట. రెండవది ఒక నిర్దిష్ట విషయంలో, ఒక నిర్దిష్ట సమయంలో పరీక్షించి తేల్చవలసిన మాట. జ్వరం వచ్చినవాడు పరుగెత్తలేకపోవచ్చు. అంతమాత్రాన అతనికి కాళ్లు లేవని అనము. మనసు విషయంలో మాత్రం ఈ తేడాను మరచిపోతాము. ఒకసారి చిత్తం చెదిరిందంటే, అన్ని విషయాల్లోనూ, అన్ని కాలాల్లోనూ చెదిరిందనే లెక్కిస్తాము.

మన సామెతల్లో ఈ కాఠిన్యం ఉంది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అని ఒక సామెత. నవ్వు పుట్టించేదే, కాని ఆ నవ్వు వెనుక ఒక తీర్పు ఉంది. కోలుకున్నానని చెప్పడమే కోలుకోలేదనడానికి సాక్ష్యమట. ఇక ఆ మనిషి ఏ మాటతో తన స్వస్థతను రుజువు చేసుకోవాలి? మరొక సామెత ఇంకా లోతైనది: "పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు." న్యాయసామర్థ్యపు చిక్కుముడి అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. పదిమందిలో కలిసి బతకాలంటే అర్హత చూపమంటాము. పదిమందిలో కలిసి బతికితేగాని ఆ అర్హత తిరిగి రాదు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. తెంచవలసింది బలహీనుడు కాదు, బలవంతుడైన సమాజమే.

ఇది కొత్త ప్రశ్న కాదు. ప్రాచీన ధర్మశాస్త్రాలు ఉన్మత్తునికి దాయభాగం ఇవ్వరాదన్నాయి. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి రెండింటిలోనూ ఈ నిషేధం ఉంది. అయితే అతణ్ణి పోషించవలసిన బాధ్యతను కుటుంబంమీద ఉంచాయి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు ఇక్కడ ఒక గొప్ప మినహాయింపును చెప్పాడు. పంపకాలు జరిగిపోయిన తరువాత అయినా సరే, ఔషధాదులవల్ల దోషం తొలగితే, అతనికి భాగం ఇవ్వవలసిందే. విభాగం తరువాత పుట్టిన కుమారుని హక్కు ఎటువంటిదో ఇదీ అటువంటిదే అన్నాడు. నిషేధాన్ని సమర్థించలేము, కాని ఆ నిషేధానికి కూడా ఒక తలుపు ఉంచిన వివేకాన్ని గుర్తించాలి. కోలుకున్నవాడు కొత్తగా పుట్టినవానితో సమానం, అతనికోసం పంచిన ఆస్తిని మళ్లీ లెక్క చూడాలి అన్నది ఆ తర్కం.

13వ శతాబ్దంలో కేతన ఈ ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెనిగించాడు. కనుక ఇది తెలుగువారికి పరాయి విషయం కాదు. వంగదేశంలో వారసత్వానికి జీమూతవాహనుని దాయభాగం ప్రమాణమైతే, తెలుగునాట మితాక్షర ప్రమాణం. వలస వెళ్లిన హిందూ కుటుంబం తన స్వస్థలపు వ్యక్తిధర్మాన్ని వెంట తీసుకువెళుతుందని న్యాయస్థానాలు భావించేవి. ఆ విధంగా ఖరగ్‌పూరు తెలుగు కుటుంబం దాయభాగపు నేలమీద నివసిస్తూనే, సామాన్లతోపాటు మితాక్షరనూ మోసుకువచ్చింది. విచారించవలసిన సంగతి ఏమంటే, నిషేధం సులభంగా ప్రయాణించింది. దానితోపాటు రావలసిన మినహాయింపు దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆధునిక శాసనాల చరిత్ర కూడా ఈ రెండు ధోరణుల మధ్యనే నడిచింది. 1858నాటి చట్టాలు, తరువాత 1912నాటి ఇండియన్ లూనసీ చట్టం, న్యాయస్థానం విచారణ జరిపి ఒక వ్యక్తిని మతిస్థిమితం లేనివానిగా ప్రకటించే పద్ధతిని ఏర్పరచాయి. అలా ప్రకటించిన పిదప అతని శరీరానికి ఒక సంరక్షకుడు, అతని ఆస్తికి ఒక నిర్వాహకుడు. 1928లో వచ్చిన శాసనం వారసత్వ నిషేధాలను చాలావరకు తొలగించినా, పుట్టుకతో మతిలేనివారి విషయంలో నిషేధాన్ని మిగిల్చింది. 1956నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను ఆ చివరి గోడను కూడా కూల్చింది. ఏ వ్యాధీ, ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కాదని ప్రకటించింది.

మరొక వైపు, 1872నాటి రెండు శాసనాలు నేటికీ ఆశ్చర్యం కలిగించేటంత ఉదారమైనవి. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను ప్రకారం, సాధారణంగా అస్వస్థచిత్తుడై ఉండి నడుమనడుమ స్వస్థత పొందే వ్యక్తి, ఆ స్వస్థ సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. శాసనకర్తలు ఇచ్చిన ఉదాహరణ మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగిదే! అతడు గోడల లోపల ఉన్నా, మనసు నిలకడగా ఉన్న వేళ అతని మాట చెల్లుతుంది. అదే ఏడాది వచ్చిన సాక్ష్య చట్టం, ప్రశ్నను గ్రహించి హేతుబద్ధంగా సమాధానం చెప్పగలిగితే మనోవ్యాధి ఉన్నవాడు కూడా సాక్షిగా పనికివస్తాడన్నది. 2023లో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త సాక్ష్య శాసనం కూడా ఈ సూత్రాన్ని నిలుపుకున్నది. 1925నాటి వారసత్వ చట్టం వీలునామా విషయంలో ఇదే దృష్టిని చూపింది. ఓటు విషయంలోనూ వ్యాధి ఒక్కటే అనర్హత కాదు. 1950నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సమర్థమైన న్యాయస్థానం ప్రకటించి ఉండాలి.

అంటే శాసనంలోని అక్షరం అడిగే ప్రశ్న "ఈ మనిషికి వ్యాధి ఉన్నదా?" అని కాదు, "ఈ పనిని, ఈ సమయంలో, ఇతడు గ్రహించగలడా?" అని. తలుపు 1872లోనే తెరిచి ఉంది. దాన్ని మూసింది కార్యాలయపు అలవాటు, ఇంటి భయం, వీధి నవ్వు. ఈ ప్రాంతంలో రాంచీ పేరు, తెలుగునాట ఎర్రగడ్డ పేరు వైద్యానికి గుర్తులుగా కాక తిట్లుగా స్థిరపడడం మన సంస్కారానికి కొలమానం.

ఈ అలవాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో చెప్పే ఉదంతాలు న్యాయస్థానాల పత్రాల్లో ఉన్నాయి. హజారీబాగ్ కారాగారంలో మతిస్థిమితం లేదని నిర్బంధించిన కొందరు, కోలుకున్న తరువాత కూడా దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయారని 1982లో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. ఏ నేరమూ చేయని మనోవ్యాధిగ్రస్తులను కారాగారాల్లో ఉంచడం చట్టవిరుద్ధమనీ, రాజ్యాంగవిరుద్ధమనీ 1993లో అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది; ఆ విచారణ పశ్చిమ బెంగాల్ కారాగారాలకు సంబంధించినదే. అస్సాంలో 1951లో నిర్బంధింపబడిన ఒక గ్రామీణుడు 1967లో కోలుకున్నాడని వైద్యులు చెప్పినా, 2005 వరకు విడుదల కాలేదు. విచారణను ఎదుర్కొనే మానసిక సామర్థ్యం లేదన్న కారణంతో నేపాల్ దేశీయుడొకడు పశ్చిమ బెంగాల్‌లో నాలుగు దశాబ్దాలు విచారణఖైదీగానే గడిపి 2021లో విడుదలయ్యాడు.

ఈ మనుషుల పట్ల ఎవరూ పగబట్టలేదు. క్రూరత్వంకన్నా మరపు ఎక్కువ అపకారం చేసింది. "ఇప్పుడు సామర్థ్యం లేదు" అని రాసిన కాగితంలో "ఇప్పుడు" అన్న మాట చెరిగిపోయింది. తిరిగి చూడవలసిన తేదీ ఆ కాగితంమీద లేదు. అసమర్థత అనేది తేదీ వేయవలసిన మాట. తేదీ లేని అసమర్థత శిక్షగా మారుతుంది.

క్రిమినల్ ప్రక్రియా చట్టం 330వ సెక్షనును సవరించిన తరువాత, ఆసుపత్రిలో ఉంచవలసిన అవసరం లేని నిందితుణ్ణి, నేరం జామీనుకు తగినదైనా కాకపోయినా, విడుదల చేసే మార్గం ఏర్పడింది. షరతు ఏమిటంటే, బంధువో మిత్రుడో ముందుకు వచ్చి, దగ్గరలోని ఆసుపత్రిలో క్రమంగా బయటిరోగిగా వైద్యం చేయిస్తానని పూచీ ఇవ్వాలి. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా ఈ మార్గాన్ని కొనసాగించింది. శాసనం ఇక్కడ ఎవరిని పిలుస్తున్నదో గమనించండి. బంధువును, మిత్రుణ్ణి. సామర్థ్యం తిరిగి రావడమనేది వైద్యుడు ఒక్కడూ, న్యాయమూర్తి ఒక్కడూ చేయగలిగిన పని కాదని, పూచీ పడే ఒక పొరుగువాడు కావాలని శాసనమే ఒప్పుకున్నది. ఆ పొరుగువాడు లేనివాని గతి ఏమిటన్నది మనలను వెంటాడవలసిన ప్రశ్న. వలస ఊళ్లో బంధువు దూరం. మిత్రుడు బదిలీ అయిపోతాడు.

ఇక 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 1987నాటి చట్టం స్థానంలో వచ్చి, 2018నుంచి అమలులో ఉన్న ఈ శాసనం, మనోవ్యాధి నిర్ధారణ అయినంతమాత్రాన ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివానిగా భావించరాదని స్పష్టం చేసింది. వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి ప్రతివారికీ ఉంటుందన్న భావనతో మొదలుపెట్టమన్నది. సమాజంలో జీవించే హక్కును గుర్తించింది. కుటుంబం ఆదరించలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ చికిత్సాలయంలో ఉంచరాదన్నది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం దీనికి ప్రేరణ. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టం మరొక అడుగు వేసి, సంపూర్ణ సంరక్షకత్వం స్థానంలో పరిమిత సంరక్షకత్వాన్ని తెచ్చింది. పరస్పర అవగాహనతో, విశ్వాసంతో, ఇద్దరూ కలిసి నిర్ణయం చేయాలి; అదీ ఒక నిర్దిష్ట విషయానికి, ఒక నిర్దిష్ట కాలానికి.

ఖరగ్‌పూరు వాసికి ఈ భావం కొత్తగా తోచదు. ఒంటిదారి రైలుమార్గంలో డ్రైవరు టోకెను చేతికి వస్తేగాని ముందుకు సాగేవాడు కాదు. ఆ టోకెను ఒక సెక్షనుకు మాత్రమే అధికారం ఇస్తుంది. తరువాతి స్టేషనులో దాన్ని అప్పగించి తీరాలి. అప్పగించకుండా జేబులో ఉంచుకుంటే ఆ దారిలో ఇంకే బండీ కదలదు. సంరక్షకుని అధికారం ఇటువంటిదై ఉండాలి. అన్న తరఫున తమ్ముడు ఒక పనికై సంతకం చేయవచ్చు. ఆ పని ముగిసిన చోట అధికారాన్ని అన్నకు అప్పగించాలి. మన ఇళ్లల్లో జరుగుతున్నది టోకెను ఎప్పటికీ తిరిగి ఇవ్వకపోవడం.

ఇక్కడ తమ్ముని పక్షం కూడా వినడం ధర్మం. అన్న వ్యాధి ముదిరిన రోజుల్లో రాత్రులు మేలుకున్నవాడు తమ్ముడు. ఉద్రేకం పెచ్చుమీరిన వేళ అన్న ఇంటి కాగితాలు పట్టుకుని అమ్మేస్తానని బయలుదేరితే, గుమ్మంలో అడ్డం నిలిచినవాడు తమ్ముడు. అతనికి స్వేచ్ఛనుగురించి ఉపన్యాసం చెప్పడం సులభం. ఆ రాత్రి ఆ గుమ్మంలో నిలబడడం కష్టం. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ సర్వే, వ్యాధినిబట్టి 70నుంచి 92 శాతం వరకు బాధితులకు చికిత్స అందడం లేదని తేల్చింది. చికిత్స అందని చోట ఆ భారమంతా కుటుంబంమీదే పడుతుంది. అలసిన కుటుంబం అధికారాన్ని చేజిక్కించుకోవడం కొన్నిసార్లు ఆశవల్ల, చాలాసార్లు భయంవల్ల.

కాని భయానికి తగిన సమాధానం శాశ్వతమైన వేలిముద్ర కాదు. 2017నాటి చట్టం దీనికొక సాధనం ఇచ్చింది. మనసు నిలకడగా ఉన్న రోజున, తనకు వ్యాధి తిరగబెడితే ఏ విధమైన వైద్యం చేయాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే వ్రాతపూర్వకంగా చెప్పి ఉంచవచ్చు. వ్యాధి ఉన్నవారే కాదు, వయోజనులందరూ అలా వ్రాసి ఉంచవచ్చు. ఇది వైద్యానికి సంబంధించిన ఏర్పాటే, ఆస్తికి వర్తించదు. అయినా దీనిలోని నీతి విస్తృతమైనది. అన్ననుంచి తమ్ముడు అధికారం లాక్కోవడం వేరు. స్వస్థుడైన అన్న, రేపటి అస్వస్థతను తలచుకుని, తమ్ముని చేతిలో దాన్ని ఉంచడం వేరు. రెండింటిలోనూ జరిగే పని ఒకటే కావచ్చు. మొదటిదానిలో మనిషి తొలగిపోయాడు. రెండవదానిలో మనిషి నిలిచాడు.

పింఛను విషయంలో మరొక సూక్ష్మం ఉంది. మనోవైకల్యంవల్ల జీవనోపాధి సంపాదించుకోలేని సంతానానికి కుటుంబ పింఛను ఇచ్చే ఏర్పాటు రైల్వే నిబంధనల్లో ఉంది. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన మంచి ఏర్పాటు అది. దానికై సంపాదించలేడని ధ్రువపత్రం తీసుకోవాలి. కాలక్రమంలో ఆ పత్రమే ఆ మనిషి సమస్త జీవితానికీ ధ్రువపత్రమవుతుంది. సంపాదించలేనివాడు ఆలోచించలేడని, ఆలోచించలేనివాడికి ఇష్టాయిష్టాలు లేవని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతాము. పొట్టకూటికోసం తెచ్చుకున్న కాగితం వ్యక్తిత్వాన్ని మింగకుండా చూడడం అధికారుల చేతిలో ఉన్న పని.

ఉద్యోగంలో ఉండగా వ్యాధి వచ్చినవారి విషయంలో శాసనం స్పష్టంగానే ఉంది. 1995నాటి చట్టం 47వ సెక్షను, తరువాత 2016నాటి చట్టం 20వ సెక్షను, సేవాకాలంలో వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదన్నాయి. తగిన వేరొక పనిలో నియమించమన్నాయి. కర్మాగారం ఉన్న ఊరికి దీని అర్థం బాగా తెలియాలి. మరమ్మతుకు వచ్చిన బండిని అక్కడ పరీక్షించి తిరిగి దారిమీదికి పంపుతారు. ప్రతిదాన్నీ తుక్కుకు వేయరు. మనిషిపట్ల అంతకు తక్కువ ఓర్పు చూపడం న్యాయమా?

చివరగా భాష. 2017నాటి చట్టం, నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని ఆ వ్యక్తికి అర్థమయ్యే సరళమైన భాషలో చెప్పాలన్నది. ఇది చిన్న విషయం కాదు. భయం, దుఃఖం, ఇష్టం, అయిష్టం తల్లి నేర్పిన మాటల్లోనే ఉంటాయి. పరాయి భాషలో అడిగిన ప్రశ్నకు తడబడిన సమాధానాన్ని మనసు తడబాటుగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగును అదనపు అధికారభాషగా గుర్తించడానికి నిర్ణయించింది. ఆ గౌరవం ఫలకాలమీద అక్షరాలకే పరిమితం కాకుండా, వైద్యుని గదిలోనూ, న్యాయస్థానంలోనూ ఒక తెలుగు మనిషి సామర్థ్యాన్ని కొలిచే వేళ ఉపయోగపడితే సార్థకమవుతుంది. పేటలో చదువుకున్న ఒక అమ్మాయో, రిటైరైన ఒక మాస్టారో పక్కన కూర్చుని, ప్రశ్నను తెలుగులో చెప్పి, సమాధానాన్ని మార్చకుండా అందించినా, ఒక మనిషి తిరిగి పౌరుడు కావడానికి తోడ్పడినట్లే.

2019 లోక్‌సభ ఎన్నికల్లో కలకత్తాలోని పావ్లోవ్ మానసిక చికిత్సాలయంలో ఉన్న కొందరు ఓటు వేశారు. వారి వేలికీ సిరా పూశారు. ఆ సిరా వేరు, మన ఫిట్టరు వేలికి పూసిన సిరా వేరు. ఒకటి "నీవు చెప్పు" అన్నది. మరొకటి "నీవు చెప్పనక్కరలేదు" అన్నది.

న్యాయసామర్థ్యం మనిషి లోపల దాగి ఉన్న ఒక పదార్థం కాదు. పరీక్షించి ఉన్నదనో లేదనో ఒక్క మాటలో తేల్చడానికి వీలు లేదు. ఒకరు అడిగితే, ఒకరు ఓపికగా వింటే, ఒకరు పూచీ పడితే అది పెరుగుతుంది. ఎవరూ అడగకపోతే ఆరోగ్యవంతునిలో కూడా ఎండిపోతుంది. మన ఫిట్టరుకు దాన్ని తిరిగి ఇవ్వడానికి కొత్త శాసనం అక్కరలేదు. రేపు అతడు తమ్మునితో కలిసి బ్యాంకు కిటికీ ముందు నిలబడినప్పుడు, గుమాస్తా తల ఎత్తి, మొదటి ప్రశ్న తమ్ముణ్ణి కాక అతణ్ణి అడగాలి. అతడు తడుముకుంటే కొంచెం ఆగాలి. సమాధానం వచ్చేవరకు కలం అతని చేతికే ఇచ్చి ఉంచాలి.